ఉత్తరపు గట్టు

డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ చదువుతున్న సమీరాకూ, బిందుమాధవికీ ఫీల్డ్‌వర్క్ కింద సమీరా వాళ్ళ ఊరి కుంట పడింది. మూడు చోట్ల వల లాగి, దొరికిన జీవాలను తెల్లటి ట్రేలో పోసి లెక్కరాయాలి.

మొదటి రెండు చోట్లా సంబరమే. నీళ్ళలోనే పెరిగే తూనీగ పిల్లలు, నత్తలు, వేలిగోరంత చేపలు. ఉత్తరపు గట్టు దగ్గర మాత్రం ఐదుసార్లు లాగినా ట్రేలో బురద తప్ప ఏమీ కదల్లేదు. మిరపచేలకు పురుగుమందు కొట్టేవాళ్ళు ట్యాంకులు కడిగేది అక్కడే. సమీరా తండ్రి నజీర్‌దీ కూలికి మందు కొట్టే పనే. ఆ పనితోనే ఆమె చదువు సాగుతోంది.

"చోటు మార్చి రాసేద్దామే. మేడమ్‌కి ఏం తెలుస్తుంది?" అంది బిందుమాధవి, స్నేహితురాలి ముఖం చూసి.

సమీరా ట్రేలోని బురద పారబోసింది. "వద్దులే. నాన్నతో నేనే చెప్తా," అంది.

మర్నాడు పొద్దున్నే తండ్రిని కుంటకు తీసుకెళ్ళి, మొదటి చోటుదీ, ఉత్తరపు గట్టుదీ రెండు ట్రేలు పక్కపక్కన పెట్టింది. నజీర్ గొంతుక్కూర్చుని, మొదటి ట్రేలో గింజుకుంటున్న తూనీగ పిల్లను చూసి నవ్వాడు. రెండోదాంట్లో బురదను పుల్లతో కదిపి చూశాడు.

"ఇన్ని నీళ్ళల్లో ఆ కాస్త మందు ఏం చేస్తుందిలే అనుకున్నానమ్మా."

"నీ ఒక్కడి వల్లే కాదుగా నాన్నా."

"కాదు. అట్లాగని నా మాట దాచమాకు."

ఆరోజు నుంచి నజీర్ చేలోకే డ్రమ్ముతో నీళ్ళు తెచ్చుకుని ట్యాంకు అక్కడే కడిగి, ఆ నీళ్ళు మిరప సాళ్ళ మీదే కొట్టేయసాగాడు.

"ఏరా నజీరూ, కూతురు కాలేజీకి పోతే పాఠాలు నీకా?" అని ఎగతాళి చేశాడు తోటి కూలీ బుల్లయ్య.

"అవున్రా. రా, నీకూ చూపిస్తా!" అంటూ నజీర్ అతని చెయ్యి పట్టి కుంటకు లాక్కుపోయి, రెండు చోట్లా తువ్వాలుతో నీళ్ళు వడగట్టి చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు బుల్లయ్య నవ్వలేదు. రెండ్రోజుల తర్వాత తన ట్యాంకూ డ్రమ్ము దగ్గరికే తెచ్చాడు. మిగతావాళ్ళు మాత్రం గట్టు వదల్లేదు.

నెలాఖరున క్లాసులో అందరి ముందూ సమీరా తన లెక్కలు చదివింది.

"కారణం మందేనని ఎలా అనుకున్నావు?" అడిగింది మేడమ్.

"అక్కడ ట్యాంకులు కడుగుతారండి. మా నాన్న కూడా కడిగేవారు. ఇప్పుడు మానేశారు."

వెనక బెంచీలో ఎవరో గుసగుసలాడారు. సమీరా తల దించలేదు. పేజీ తిప్పి మిగతాది చదివింది.