పాటామె బయట నిలబడిన రోజు

సాయంత్రం ఐదు దాటింది. పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చి, ఇప్పుడు మళ్ళీ పట్టుకుంది.

దుర్గాభవాని బతుకమ్మ పండుగకు ఇల్లు దులుపుతోంది. మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులు. ఎవరి పాట వాళ్ళు చెవుల్లో పెట్టుకొని వినే కాలం కూడా కాదు, పాట పెడితే ఇల్లంతా వినేది. నాచారంలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగం జాగా రెండు స్పీకర్ డబ్బాలదే. భర్త దయాకర్ ఉప్పల్ నుంచి ప్లైవుడ్ మోసుకొచ్చి, ఒక ఎండాకాలమంతా కూర్చొని చేశాడు. అతను పని చేసేది ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షెడ్డులో. యాంప్లిఫయర్‌కు కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా తన చేత్తోనే చుట్టుకున్నాడు. తను పుట్టింటికి పోతే పట్టనట్టే ఉంటాడని, డబ్బా కొంచెం జరిగితే మాత్రం అన్నం ముట్టడని దుర్గ అందరితో చెప్పి నవ్వేది.

వైర్లు పీకింది. డబ్బాలు జరిపి బూజు దులిపింది. నేల మీద దయాకర్ గీసిన గీతలు ఉండనే ఉన్నాయి. వాటి మీదికే డబ్బాలు తెచ్చి, వైర్లు మళ్ళీ పెట్టింది. పెడుతున్నంతసేపూ కళ్ళు గోడ గడియారం మీదే. ఆరింటికి స్వర్ణలత రావాలి.

స్వర్ణ వాళ్ళకు ఒక్కతే బిడ్డ. రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో రక్తపరీక్షలు చేస్తుంది. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. హబ్సిగూడ దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి నడక. మధ్యలో నాలా, దాని మీద పాత కల్వర్టు. వాన గట్టిగా పడితే రోడ్డేదో నాలా ఏదో తెలియదు. పోయినేడు గాజులమ్మే ఒకామె అక్కడే కొట్టుకుపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

దయాకర్ షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. వెనకే చిదంబరం, గొడుగు దులుపుకుంటూ. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇదే గల్లీలో ఉంటున్న రిటైర్డ్ గుమస్తా. రికార్డులు తుడవడానికి జేబులో మఖమల్ గుడ్డ పెట్టుకు తిరిగే మనిషి.

"మీ సమ్మె పుణ్యమా అని ఉప్పల్ దాకా నడిచానండీ దయాకర్ గారూ. మోకాళ్ళు పోయాయి."

"పోతే పోయినయి సార్. మాకు రాష్ట్రమొస్తది."

"వస్తే నన్ను ఉండనిస్తారా?"

"మీరు పోతే రికార్డు తుడిసేటోడెవడు? కూసోండి."

గల్లీ అంతా ఆ సంగతి మీదే కస్సుబుస్సుమంటున్నా, ఆ గదిలో మాత్రం మాట అంతవరకే. అది పాటామె వచ్చే వేళ.

పాటామెకు పేరు లేదు. జుమ్మెరాత్ బజార్ పాత సామాన్ల సంతలో అట్ట లేకుండా దొరికిన రికార్డు. నడిమి కాగితం మీది అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. యాంప్లిఫయర్ వేడెక్కి సన్నగా వాసన వచ్చాక, దయాకర్ ముల్లు పెట్టేవాడు. రెండు డబ్బాల నడుమ, గోడకు మూరెడు ఇవతల, ఆమె నిలబడేది. చామనచాయ. ఆకుపచ్చ నేత చీర. ఒక చేత్తో కొంగు పట్టుకొని పాడేది. ఆ వైపు పాటలు అయిపోగానే కొంగుతో మూతి తుడుచుకొని, కనబడకుండా పోయేది. డబ్బా వేలెడు జరిగితే ఆమె భుజం గోడలోకి పోయేది, అందుకే దయాకర్‌కు ఆ గీతల మీద అంత పట్టింపు. వచ్చిన చుట్టాలు గొంతు బాగుందనేవాళ్ళు. చీర యాడ కొన్నదో అనేవాళ్ళు. అంతే. దుర్గ ఆమె ముందు కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేది. ఎవరితోనూ చెప్పని మాటలు చెప్పేది. పాటామె పాట ఆపి జవాబు చెప్పేది కాదు. అదే బాగుండేది.

దయాకర్ ముల్లు పెట్టాడు. పాట వచ్చింది. పాటామె రాలేదు.

గొంతు పలచబడింది. ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. డబ్బాల నడుమ వట్టి గోడ.

చిదంబరం తల అటూ ఇటూ తిప్పాడు. "ఫేజు తప్పిందండీ. ఒక డబ్బాకి ఎర్ర వైరు నల్లచోట పెట్టారెవరో. ఇది ముందుకి తోస్తుంటే అది వెనక్కి లాగుతోంది. ఇంక మనిషి నడిమిన ఎలా నిలుస్తుంది?"

"నేనే పెట్టిన," అంది దుర్గ. "గడియారం సూసుకుంట పెట్టిన."

"గడియారం సూస్తే పిల్ల జల్దొస్తదా?" అన్నాడు దయాకర్. అన్నాడే గాని, తనూ గడియారం చూశాడు.

ఆరు దాటింది. వాన పెరిగింది. స్వర్ణ సెల్లు కలవడం లేదు. దయాకర్ వైరు మీద చెయ్యి వేశాడు. అప్పుడే పక్కింటి శాంతాబాయి తడిసి ముద్దయి లోపలికొచ్చింది.

"ఓ వదినె, మీ పాటామెను గట్ల బయటికెందుకు తోలిన్రు? నాలా కాడ నిలవడి పాడుతుంది. చీరంత నీళ్ళల్లనే. ఇంటికి రాయే అని గీడికెళ్ళి ఒర్రిన, ఇనదు."

"అయ్యో. వైరు మారిస్తే వచ్చేస్తుందండీ," అన్నాడు చిదంబరం.

"నాలాకు ఏ దిక్కు?" అంది దుర్గ.

"అవుతలి దిక్కు."

స్వర్ణ వచ్చే దిక్కు.

దుర్గ భర్త చెయ్యి పట్టుకుంది. నలుగురిలో ఎప్పుడూ పట్టుకున్నది కాదు. "తియ్యకు. ఆమెను ఆడ్నే ఉండనియ్యి."

దయాకర్ ఆమె ముఖం చూశాడు. వైరు వదిలేసి టార్చి తీసుకున్నాడు. చిదంబరం ప్యాంటు పైకి మడిచాడు.

"మీరెందుకు సార్, మోకాళ్ళు పోయినయంటిరి?"

"వాటి సంగతి రేపు చూద్దాం. పదండి."

ఇద్దరూ వానలోకి పోయారు.

దుర్గ రికార్డు ముందు కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ ముల్లును ఆమె ముట్టుకోలేదు. గీత పడుతుందని దయాకర్ ముట్టనిచ్చేవాడు కాదు. చివరి పాట నడుస్తోంది. అది అయిపోతే పాటామె పోతుంది. అయిపోకముందే ముల్లెత్తి మొదట్లో పెట్టింది. ముల్లు జారి గర్రుమంది. పాట అందుకుంది. బల్బు ఎర్రబడి మళ్ళీ తేరుకుంది.

"పోకు తల్లీ," అంది. కరెంటుతోనో, పాటామెతోనో.

మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పెట్టింది. శాంతాబాయి గడప పక్కన కూర్చొని కొంగు పిండుకుంది.

స్వర్ణ వచ్చింది. నాలా దిక్కు నుంచి కాదు, చౌరస్తా చుట్టు తిరిగి. చెప్పులు చేతిలో ఉన్నాయి. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, పాటామె అడ్డం నిలవడ్డదే."

దుర్గ తువ్వాల అందుకుంది.

"కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నయ్. మోకాలు దాకనే గదా, దాటుదమనుకున్న. నా ముంగట్నే నిలవడి పాడుతుంది. పాట నడుస్తుంటే ఆమె ముందలికెళ్ళి దాటుతమా మనం? డాడీ వీపు పలగ్గొట్టడా? అయినంక పోదమని ఆగిన. అయితనే లేదు. ఎన్కటి పాటే, గర్రుమని మళ్ళ షురూ. తిట్టుకున్న గూడ. గట్ల సూస్తుండంగనే కల్వర్టు లోపలికి కుంగిపోయింది. సప్పుడు గూడ రాలేదమ్మా."

దుర్గ తువ్వాలతో కూతురి తల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

అప్పుడు కరెంటు పోయింది. పాట బరువెక్కి, లావుగా సాగి, నడిమిట్లో ఆగింది.

"మరి పాటామె?" అంది స్వర్ణ చీకట్లో.

ఇంట్లో పాడుతుండగా కరెంటు పోతే ఆమె నోరు మూసుకొని, ఉన్నచోటే నిలబడేది. వచ్చేదాకా దుర్గ ఆమెకు విసనకర్రతో విసిరేది. ఇవాళ నీళ్ళల్లో నిలబడి ఉంటుంది.

గల్లీలో టార్చి వెలుగు కదిలింది. దయాకర్ గడప దగ్గరే ఆగిపోయాడు. "కల్వర్టు లేదు. పిల్ల..."

"లోపటున్నది," అంది దుర్గ.

అతను ఉన్నవాడున్నట్టే గడప మీద కూలబడి, ముఖం అరచేతుల్లో పెట్టుకున్నాడు. చిదంబరం గోడకు ఆనుకొని ఊపిరి తీసుకున్నాడు. "ఆవిడ ఇంకా అక్కడే ఉందమ్మా. రమ్మని పిలిచాం. మాకేసి చూసింది, అంతే."

"జల్లు కొడుతుంది వదినె, తలుపేస్తనా?" అంది శాంతాబాయి.

"వద్దు. తెరిచే ఉండనియ్యి."

చీకట్లో వాన చప్పుడు మెల్లగా తగ్గింది. కొంతసేపటికి ఎవరో తడికాళ్ళతో దయాకర్‌ను తప్పుకొని లోపలికి నడిచారు. నేతచీర తడిసిన వాసన. కరెంటు లేదు. రికార్డు తిరగడం లేదు. వైర్లు తప్పుగా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అడుగులు డబ్బాల నడుమకు పోయి ఆగాయి.

దుర్గ మనసులో లెక్క వేసుకుంది. స్వర్ణ. స్వర్ణ వాళ్ళ నాయిన. చిదంబరం సార్. శాంతాబాయి. పాటామె.

అందరూ వచ్చారు. లేచి తలుపేసింది.