తవిటమ్మ కేక

కళింగపట్నం చేపల పేటలో మగవాళ్ళు చేపలు పడతారు, ఆడవాళ్ళు అమ్ముతారు. పడవ ఒడ్డుకు చేరాక మగవాడి పని అయిపోయినట్టే. గంప ముట్టుకున్న మగవాణ్ణి ఆ పేట ఎన్నడూ చూడలేదు. అందుకే, గంగులు కొడుకు కొండబాబు శ్రీకాకుళంలో బి.కాం.లో చేరి, అందులో మార్కెటింగ్ అనే పాఠముందని, అది సరుకు అమ్మడం గురించిన చదువని చెప్పినప్పుడు పడవ మీదున్న వాళ్ళందరూ నవ్వారు. గంగులు నవ్వలేదు. తల వంచుకుని వల విప్పుకున్నాడు.

తల్లి తవిటమ్మకు మాత్రం ఆ చదువు నచ్చింది. కొడుకు హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా, చేపలకు ఉప్పు పట్టిస్తూ పాఠం చదివించుకునేది. వాడు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాడు.

"నా పనికీ సదువున్నాదట, ఇన్నావా?" అనేది మొగుడితో.

"ఉన్నాది. సీర కట్టుకుని సదవాల" అనేవాడు గంగులు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఆషాఢంలో తవిటమ్మ జ్వరంతో పోయింది. కొండబాబు అప్పుడే చివరి సంవత్సరంలోకి వచ్చాడు.

ఇంట్లో ఆడది లేకపోతే గంప కదలదు. గంగులు వాటాకు వచ్చిన చేపలు ఒడ్డునే షావుకారు అడిగిన ధరకు పోవాలి. కొన్నాళ్ళు తవిటమ్మ చెల్లెలు తాతమ్మ తన చేపలతోపాటు వాటినీ మోసింది. దసరా వెళ్ళాక ఇక తన వల్ల కాదంది.

"నా తల మీద రెండు గంపలు కూకోవు బావా. కోడల్ని తెచ్చుకో."

గంగులు ఆ రోజే పోతురాజు ఇంటికి వెళ్ళి, అతని కూతురు చిన్నతల్లి కోసం మాట ఇచ్చి వచ్చాడు. ఆ పిల్ల మెడ గట్టిది, గొంతూ గట్టిదే. అతనికి అంతకంటే చూడవలసింది లేదు.

శనివారం కొడుకు వచ్చి విన్నాడు.

"పిల్లొద్దని కాదయ్యా. మార్చిలో పరీక్షలు. అవయ్యాక సేసుకుంతాను."

"అందాకా సేపలు ఆగుతాయేటి?"

"ఎండితే ఆగుతాయి. వారమంతా ఎండబెట్టు. ఆదివారం సంతకి నాను అట్టుకెళ్తాను."

"ఏటి అట్టుకెళ్తావు?"

"అమ్మ గంప."

గంగులు నోట్లో చుట్ట తీసి ఉమ్మాడు. కుర్రాడు ఊరికే అన్నాడనుకున్నాడు.

ఆ పై ఆదివారం తెల్లవారగానే కొండబాబు తల మీద చుట్టకుదురు పెట్టుకుని, గంప ఎత్తుకుని, ఒడ్డు వెంబడే నడిచాడు. పోతురాజు గంగులుతో కలిసి పడవ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఒరే గంగులూ, మా పిల్లెందుకురా నీకు? మీసాల కోడలు వచ్చీసినాది గదా."

"అయితే నాకో సీర కొనిపెట్టు మావా" అన్నాడు కొండబాబు, గంప దించకుండానే. పడవల వాళ్ళంతా నవ్వారు. వాడూ నవ్వాడు. కొడుకు నవ్వడం గంగులుకు మిగతా వాళ్ళ నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

సంతలో ఆడవాళ్ళు మొదట మూతులకు పైటలు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత జరిగి, తవిటమ్మ కూర్చునే చోటు వాడికిచ్చారు. సాయంత్రం గంప ఖాళీగా వచ్చింది.

"మా అక్క దగ్గర కొనీవోళ్ళంతా వాడి కాడికే వచ్చినారు బావా" అని తాతమ్మ చెప్పింది. గంగులు వినిపించుకోలేదు.

వారమంతా చదువు, ఆదివారం సంత. చలికాలం అలాగే నడిచింది. ఆ ఇంటికి కావలసింది అంతే. కానీ పడవ మీద గంగులును పేరు పెట్టి పిలవడం మానేశారు. మీసాల కోడలి మావ అంటున్నారు. పెళ్ళాం చచ్చిన ఇల్లు గుట్టుగా నడుస్తోందని సంతోషించే బుద్ధి అతనికి లేకపోయింది.

మాఘమాసంలో ఒక ఆదివారం అతనే సంతకు వెళ్ళాడు. చింతపండు కొట్ల అవతల ఉండగానే కేక వినిపించింది.

"నెత్తళ్ళమ్మా... ఎండు నెత్తళ్ళూ..."

కింది స్వరంలో ఎత్తుకుని, చివర పైకి లాగి, టక్కున తెంచే కేక. అది తవిటమ్మదని పక్కవాళ్ళు అనుకుంటుంటే గంగులుకు తెలిసింది. కొనేవాళ్ళ చెవులు ఆ కేకకు అలవాటు పడ్డాయి కనుక కొడుకు దాన్నే వేస్తున్నాడు. గొంతు మగది, కేక ఆమెది. పక్కన ఎవరో కిసుక్కుమన్నారు.

గంగులు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గంపను కాలితో తన్నాడు. నెత్తళ్ళు దుమ్ములో పడ్డాయి.

"లెగు. ఇది ఆడోళ్ళ పని. మగోడివైతే రేపు పడవెక్కు."

"ఏటి బావా ఇది" అంటూ తాతమ్మ వంగి చేపలు ఏరింది. "పరీక్షలు వస్తన్నాయి. ఈ నాలుగు వారాలూ వాణ్ణొదిలీ."

కొండబాబు లేచి నిలబడ్డాడు. లుంగీకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"సరే అయ్యా" అన్నాడు.

ఎదురు తిరుగుతాడనుకున్నాడు గంగులు. లేకపోతే చెప్పకుండా హాస్టలుకు పోతాడనుకున్నాడు. రెండూ జరగలేదు. మర్నాడు చీకటి ఉండగానే కొడుకు పడవెక్కాడు. ఆ మర్నాడూ ఎక్కాడు. హాస్టల్లో ఉన్న పెట్టె కోసం కూడా వెళ్ళలేదు.

పరీక్షలు ఏ రోజు మొదలవుతాయో తాతమ్మ పేటంతా వినేలా చెప్పింది. ఆ ఉదయం తండ్రీ కొడుకులు పడవను నీళ్ళలోకి తోస్తున్నారు. శ్రీకాకుళం బస్సు ఇంకా కదలలేదు. వెళ్ళరా అని ఒక్క మాట గంగులు గొంతు దాకా వచ్చింది. ఆ మాట అని ఉంటే కొడుకు వెళ్ళేవాడు. అనలేదు. పడవ అల దాటింది. ఒడ్డు కనిపించినంతసేపూ గంగులు వెనక్కి చూస్తూనే ఉన్నాడు. కొడుకు ఒక్కసారీ చూడలేదు.

వైశాఖంలో పెళ్ళి చేశాడు. చిన్నతల్లి గంప ఎత్తుకుంది. పిల్ల కష్టపడేదే, గొంతు ఊరంతా వినిపించేదే. అయినా వారం వారం గంప సగం నిండుగానే తిరిగొచ్చేది.

ఒక సాయంత్రం మామకు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మావా, అత్త సంతలో ఎలాగ కేకేసీది? అందరూ ఆ కేకే అడుగుతన్నారు. తాతమ్మత్తని అడిగితే తనకి పలకదంట."

గంగులు నోరు తెరిచాడు. సంతకు వెళ్ళింది ఒక్కసారే, ఆ కేక విన్నదీ గంప తన్నిన ఆ రోజే. ఎక్కడ ఎత్తుకోవాలో అందలేదు. నోరు మూసుకుని గుమ్మం దగ్గర వల బాగుచేస్తున్న కొడుకు వైపు చూశాడు.

"సెప్పరా దానికి" అన్నాడు. బతిమాలినట్టు ఉంది ఆ గొంతు.

కొండబాబు తలెత్తలేదు.

"అది ఆడోళ్ళ పని. నాకు తెల్దు."

చిన్నతల్లి ఇద్దరినీ చూసింది. ఇంకేమీ అడగకుండా, మిగిలిపోయిన నెత్తళ్ళను మళ్ళీ ఆరబెట్టడానికి చాప తీసుకుని బయటకు వెళ్ళింది.