అందరికీ సరిపోయే సైకిల్

ఆ సైకిళ్ల మాసపత్రిక ఆఫీసులో అందరూ అతన్ని ‘వెన్న’ అనేవారు. కొత్త సైకిల్ ఏది వచ్చినా తొక్కి చూసి సమీక్ష రాయడం అతని పని. ఏదెక్కినా అది వెన్నలా సాగిపోయేది. గేర్లు వెన్నలా మారేవి. ఒకసారి బ్రేకులు కూడా వెన్నలా ఉన్నాయని రాసేశాడు. బ్రేకు వెన్నలా ఉంటే బండి ఆగేదెలాగని ఒక పాఠకుడు అడిగితే, అది భావుకత అని సర్దిచెప్పాడు. ఇందులో మోసమేమీ లేదు పాపం. ఆఫీసు వెనక గుంటా మిట్టా లేని రోడ్డు ఒకటుంది. సమీక్షలన్నీ ఆ రోడ్డు మీదే పుట్టేవి. పైగా మనిషి తాడిచెట్టంత పొడుగు. అలాంటివాడికి అలాంటి రోడ్డు మీద ఏ సైకిల్ బాగోదు చెప్పండి?

ఆ నెల సంపాదకురాలు కొందరు పాఠకుల్ని ఆఫీసుకు పిలిచి, సమీక్షల్లో మీకేం కావాలని అడిగింది. పొగుడుతారు కాబోలనుకుని వెన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

“వానలో బ్రేకు పడుతుందో లేదో రాయండి సార్. ఎండలో ఏదైనా ఆగుతుంది,” అన్నాడు ఒక పోస్ట్‌మన్.

“కొన్నాళ్లు తొక్కాక ఏది లొడలొడలాడుతుందో చెప్పండి. మొదటి రోజు అన్నీ బుద్ధిగానే ఉంటాయి,” అంది పక్కనున్న లెక్కల టీచరు.

“మెట్ల మీద మోసుకెళ్లగలనా? నాకది చెప్తే చాలు,” అని వెనక నుంచి ఇంకెవరో అరిచారు.

చివరికి ఒక పెద్దాయన లేచాడు. “ఎవరు కొనాలో మీరు చెప్పక్కర్లేదు బాబూ. బొమ్మ చూస్తే అందరికీ కొనాలనే ఉంటుంది. ఎవరు కొనకూడదో రాయండి, పుణ్యముంటుంది.”

అందరూ చప్పట్లు కొట్టారు. వెన్నకు ఒళ్లు మండిపోయింది.

“మా వదిన నా సమీక్ష చదివాకే సైకిల్ కొంది! ఆర్నెల్లయింది. ఎప్పుడడిగినా ‘బంగారం’ అంటుంది. కావాలంటే కనుక్కోండి!”

“మంచిదే,” అంది సంపాదకురాలు. “ఆవిడ సైకిల్ మీద కూర్చున్న ఫొటో ఒకటి, ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకురా. అచ్చేద్దాం. తేలేకపోయావా, నీ సమీక్షలకిచ్చే రెండు పేజీల్లో పంక్చర్లు వేయడం నేర్పిద్దాం.”

ఆ రెండు పేజీలే అతని లోకం. అవి పోతే ఆ ఆఫీసులో అతని కుర్చీకి కూడా అర్థం ఉండదు.

అయినా ధైర్యంగానే ఉన్నాడు. వదిన మాట అంటే అతనికి అంత గురి. అతను బడికెళ్లే రోజుల్లో ఆవిడ ఆ ఇంటికి వచ్చింది. సైకిల్ నేర్పింది ఆవిడే. సీటు పట్టుకుని వెనకాలే పరుగెత్తేది. ఎప్పుడో వదిలేసి కూడా, “పట్టుకునే ఉన్నా, తొక్కు తొక్కు!” అని కేకలు వేసేది. ఆ అబద్ధం పుణ్యమా అనే అతనికి తొక్కడం వచ్చింది. ఇప్పుడు ఆవిడకు కళ్లద్దాల దుకాణం ఉంది. వచ్చినవాళ్ల ముందు అద్దాలు మారుస్తూ, “ఇది బాగుందా? పోనీ, ఇది బాగుందా?” అని ఓపిగ్గా అడుగుతూ ఉంటుంది. దుకాణానికి రోజూ తొక్కుకుంటూ వెళ్లాలనే ఆ సైకిల్ కొంది.

ఆదివారం పొద్దున్నే మెడలో కెమెరా వేసుకుని వెళ్లాడు. సంగతి చెప్పాడు.

“ఫొటోనా? దానికేం భాగ్యం!” అంది వదిన, కాస్త తడబడి. “నువ్వు కూర్చో, సైకిల్ నేను తెస్తా.”

కానీ మరిది అప్పటికే బాల్కనీలో ఉన్నాడు. సైకిల్ అక్కడే ఉంది. హ్యాండిల్‌కి రెండు తువ్వాళ్లు, సీటు మీద దిండు గలీబు, కడ్డీ పొడుగునా సాక్సులు.

“సైకిల్ కడిగాను,” అంది వదిన వెనకాలే వచ్చి. “తుడుద్దామని తువ్వాళ్లు…”

“సాక్సులతో తుడుస్తావా వదినా?”

“అవి గాలికి వచ్చి పడ్డాయి.”

“క్లిప్పులతో సహానా?”

వదిన బట్టలు తీయడంలో మునిగిపోయింది. వెన్నకు అనుమానం రాలేదని కాదు. కానీ నమ్మితే పేజీలు దక్కుతాయి. అందుకని నమ్మేశాడు.

“ఎక్కి కూర్చో వదినా. నవ్వు. అంతే.”

స్టాండు తీసి వదిన ఎక్కింది. ఒక కాలు పెడల్ మీద పెట్టింది. రెండో కాలు నేల కోసం వెతుక్కుంది. బొటనవేలు కూడా ఆనలేదు. సైకిల్ పక్కకి ఒరిగింది, వదిన బాల్కనీ చువ్వ పట్టుకుని వేలాడింది, కెమెరా క్లిక్కుమంది. సరిగ్గా అప్పుడే అన్నయ్య కాఫీలతో వచ్చాడు.

“ఎక్కావా! మళ్లీ ఎక్కవనుకున్నానే! మొదటి రోజు సిగ్నల్ దగ్గర పడ్డాక ఇదే కదా ఎక్కడం?”

వదిన కళ్లతోనే కోప్పడింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

“మరి దుకాణానికి?” అన్నాడు వెన్న.

“బస్సులో,” అన్నాడు అన్నయ్య, కాఫీ అందిస్తూ.

వెన్న కప్పు అందుకున్నాడు. పేజీలు గుర్తొచ్చాయి, పంక్చర్లు గుర్తొచ్చాయి. ఆఖరికి ఉక్రోషమే మిగిలింది.

“బంగారం అన్నావు కదా వదినా! నీ దగ్గరికొచ్చిన వాళ్లు అక్షరాలు కనపడకపోయినా ‘కనపడుతున్నాయి’ అంటే నువ్వు అద్దాలు ఎలా ఇస్తావు?”

వదిన దిండు గలీబు మడతపెట్టింది. మళ్లీ విప్పింది.

“నువ్వేమో చిన్నపిల్లాడిలా ఫోన్ చేసి మరీ అడిగేవాడివి. బాలేదని ఏ నోటితో చెప్పను? అయినా తప్పు నీదనుకోలేదురా. ‘అందరికీ సరిపోతుంది’ అని రాశావు కదా. అందరికీ సరిపోయేది నాకు సరిపోలేదంటే లోపం నాలోనే ఉంది అనుకున్నా. వయసైపోయిందేమో, ఇక తొక్కలేనేమో అనుకున్నా.”

‘అందరికీ’ అన్న మాట ఎంత తేలిగ్గా రాశాడో వెన్నకు బాగా గుర్తుంది. భోజనానికి టైమవుతోంది, వాక్యం ఎలాగో ఒకలా ముగియాలి, ముగించాడు. ఆ ఒక్క మాట వల్ల, తనకు తొక్కడం నేర్పిన మనిషి తొక్కడమే మానేసింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కాఫీ చల్లారిపోయింది.

“నీ ఫొటో ఇదే వేస్తాను వదినా,” అన్నాడు చివరికి. “వెయ్యొచ్చా?”

“వేలాడుతున్నదా?” వదిన కెమెరాలోకి తొంగిచూసి పకపకా నవ్వింది. “వేసుకో. జుట్టు బాగానే ఉందిలే.”

మర్నాడు అతను ఫొటోతో పాటు కొత్త సమీక్ష సంపాదకురాలి బల్ల మీద పెట్టాడు. “ఈ సైకిల్ అందరికీ సరిపోతుందని రాశాను. అందర్నీ అడగలేదు. నేను పొడుగు. మా వదిన నా భుజం దాకా వస్తుంది. ఆవిడంత ఎత్తున్నవాళ్లు దీన్ని కొనకండి, సీటు పూర్తిగా దించినా సిగ్నల్ దగ్గర కాలు ఆనదు…” అంటూ సాగింది. మెట్ల సంగతి రాశాడు. బకెట్టుతో తనే నీళ్లు పోసి చూసిన బ్రేకుల సంగతీ రాశాడు. అందులో వెతికినా ‘వెన్న’ ఎక్కడా లేదు.

“ఇక నీకు పేరేం పెట్టాలోయ్?” అంది సంపాదకురాలు చదివి. పేజీలు మాత్రం అతనికే ఉంచింది.

పత్రిక చేతికందిన రోజు వదిన ఫోన్ చేసింది. “నీ సమీక్ష చదివాను. చచ్చినా ఆ సైకిల్ కొనను!” అంది. తర్వాత గొంతు తగ్గించి, “వేరేది చూద్దామనుకుంటున్నా. సైకిళ్ల దుకాణానికి రా. కానీ నోరు తెరవకు,” అంది.

పాత సైకిల్ అన్నయ్యకు అతికినట్టు సరిపోయింది. తువ్వాళ్లకే గూడు చెదిరింది.

సైకిళ్ల దుకాణంలో వెన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వదిన ఒకటి ఎక్కింది, దిగింది. ఇంకోటి ఎక్కింది. “ఇది బాగుందా? అదే బాగుందా?” అని తనలో తనే అనుకుంది. మూడోదాని మీద రెండు కాళ్లూ నేలకు ఆనాయి. వీధిలోకి తీసుకెళ్లి, ఎక్కి కదిలింది. హ్యాండిల్ వణికింది. వెన్న గబుక్కున వెనకాల పరుగెత్తి సీటు పట్టుకున్నాడు.

“పట్టుకున్నావా?” అని అరిచింది వదిన.

“పట్టుకున్నా!” నాలుగడుగులు పరుగెత్తాక చెయ్యి తీసేశాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది. “వదిలేశా వదినా! నువ్వే తొక్కుతున్నావు!”

వదిన వీధి చివరి దాకా వెళ్లి, చుట్టు తిరిగి, గంట కొట్టుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“ఎలా ఉంది వదినా?” నోరు తెరవొద్దన్న సంగతే మర్చిపోయాడు.

వదిన పెదవుల మీదికి ‘బంగారం’ వచ్చేసింది. అతనికి తెలుస్తూనే ఉంది. ఆవిడ ఆగింది. సీటు మీద అటూ ఇటూ కదిలి చూసుకుంది.

“సీటు గట్టిగా ఉందిరా. మార్పించాలి.”

వెన్నకు పట్టరానంత సంతోషం వేసింది. సైకిల్ ఎలా ఉందని అడిగితే ఇన్ని నెలల్లో వదిన అతనికి చెప్పిన మొదటి నిజం అది.