ఊడని గొట్టం

పెద్దల్లుడికి చిన్నల్లుడి మీద అనుమానం ఇంట్లో పుట్టలేదు, ఆఫీసులో పుట్టింది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు, పైగా ఒకే కంపెనీలో ఉద్యోగులు. వినికిడి యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. పెద్దల్లుడు డిజైన్ గదిలో కూర్చుని యంత్రం లోపలి భాగాలు గీస్తాడు. చిన్నల్లుడు పరీక్షల గదిలో కూర్చుని అవి పనికొస్తాయో లేదో తేలుస్తాడు. ఇలాంటి ఏర్పాటు ఏ తోడల్లుళ్ళకీ మంచిది కాదు.

చెవి వెనక పెట్టుకునే ఆ యంత్రంలో బియ్యపుగింజ కంటే కాస్త పెద్ద స్పీకరు ఉంటుంది. దాని మూతికి ఒక మెత్తని రబ్బరు గొట్టం తొడుగుతారు. శబ్దం అందులోంచే చెవికి వెళ్ళాలి. అతుకు దగ్గర సందుంటే శబ్దం బయటికి కారి, మైకులో పడి, మళ్ళీ స్పీకరులోకొచ్చి ఈల మొదలవుతుంది. ఇన్నాళ్ళూ ఆ అతుకును గమ్ముతో వేసేవారు. కొత్తలో బాగానే ఉంటుంది. వాడగా వాడగా గమ్ము ఎండిపోయి గొట్టం వదులవుతుంది.

అత్తగారి యంత్రానికి సరిగ్గా అదే జరిగింది. ఎవరైనా ఆవిడ చెవి దగ్గరికి వంగితే చాలు, కీచుమని కూస్తుంది. మనవరాలు రహస్యం చెప్పబోతే "దూరంగా ఉండి చెప్పమ్మా" అంటుంది. దూరంగా ఉండి చెప్పేది రహస్యమెలా అవుతుంది? ఆ పిల్ల ఇప్పుడు రహస్యాలన్నీ తాతకే చెబుతోంది. అత్తగారు పైకేమీ అనదు గానీ, వాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటుంటే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతుంది. అది చూసి పెద్దల్లుడి మనసు చివుక్కుమంది. కొత్త అతుకు తాను చేస్తున్నాననీ, మొదటి యంత్రం ఆవిడకేననీ మాటిచ్చేశాడు.

అతని ఉపాయం గమ్ము లేని అతుకు. గొట్టం మీద సన్నని రింగు బిగిస్తాడు. తేలిగ్గా తొడగడానికి ఆ రింగుకు ఒకపక్క చీలిక ఉంటుంది. బరువు కట్టి వేలాడదీసినా గొట్టం ఊడలేదు. లాగుడు పరీక్షలో ప్రతిసారీ నెగ్గింది. ఈల పరీక్షలో మాత్రం ప్రతిసారీ తన్నేసింది. ఈల పరీక్ష చేసేది చిన్నల్లుడు.

ఊడని గొట్టం కారడమేమిటి? పెద్దల్లుడికి ఇది మింగుడుపడలేదు. పరీక్షల గది తలుపుకున్న గాజులోంచి కన్నేసి ఉంచాడు. మిగతావాళ్ళు పంపిన నమూనా పీసుల్ని చిన్నల్లుడు ఒక్కసారి పెట్టి చూసి తేల్చేస్తున్నాడు. తన పీసును మాత్రం పెడతాడు, తీస్తాడు, తుడుస్తాడు, మళ్ళీ పెడతాడు. ఏం చేస్తున్నట్టు? తాను లోపలికి వెళ్తే చప్పున చేతిలోది కింద పెట్టేస్తున్నాడు. ఇంట్లో అక్కచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకుంటూ, తాను రాగానే మాట మార్చేస్తున్నారు. అప్పుడు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒకనాడు అందరూ భోజనాల దగ్గరుండగా, గీసేవాడికి బుర్ర కావాలి గానీ ఊది చూసేవాడికి నోరుంటే చాలని తాను జోకు వేశాడు. అందరితోపాటు చిన్నల్లుడూ నవ్వాడు. నవ్వి, సగం అన్నం కంచంలో ఉండగానే చెయ్యి కడుక్కున్నాడు. ఓహో, ఆ కక్ష ఇలా తీర్చుకుంటున్నాడన్నమాట అనుకున్నాడు పెద్దల్లుడు. ఒకసారి అలా అనుకున్నాక, అతని కంటికి అన్నీ దానికి తగ్గట్టే కనబడ్డాయి.

వాళ్ళ మేనేజరు ఎవరేం చెప్పినా ఓకే అంటాడని అతన్ని ఓకే సార్ అంటారు. ఆ ఓకే సారే ఈసారి కూడా ఫెయిలైతే మళ్ళీ గమ్ముకే పోదామన్నాడు. పెద్దల్లుడు ఇక తాడోపేడో తేల్చుకోదలచాడు. పోల్చి చూడడానికి కొత్తదాని పక్కన గమ్ముది కూడా ఒకటి పంపడం అక్కడి పద్ధతి. రెండింటికీ పైడొప్ప మూసే ఉంటుంది కాబట్టి లోపల ఏముందో కనబడదు. అతను స్టిక్కర్లు మార్చేశాడు. అప్పుడే వేసిన గమ్ము అతుకుకు తన పేరు, తన రింగుకు గమ్ము పేరు. నిక్షేపంలాంటి గమ్మును కూడా తన పేరు చూసి ఫెయిల్ చేశాడా, అందరి ముందూ దొరికిపోతాడు.

ఆ మధ్యాహ్నం తలుపు తోసుకుని చిన్నల్లుడు పరుగున వచ్చాడు.

"అన్నయ్యా, పాసైంది!" అంటూ వాటేసుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఇంటికి అప్పుడే ఫోన్ కూడా చేసేశాడు. వెనకే వచ్చిన ఓకే సార్, ఈసారి గమ్ముదే ఈల వేసిందని నవ్వి, తయారీకి ఓకే అన్నాడు.

పెద్దల్లుడికి మాత్రం తెలుసు. ఈల వేసింది తన రింగు. అయినా అనుమానం అంత తొందరగా చస్తుందా? వీడు కనిపెట్టేసి నాటకమాడుతున్నాడేమోనని మొహంలోకి గుచ్చి చూశాడు. ఇన్నాళ్ళూ తన పీసునే అన్నిసార్లు ఎందుకు పెట్టి తీశావని అడిగాడు.

"పాసవుతుందేమోనని," అన్నాడు చిన్నల్లుడు. "వేరేవాళ్ళదైతే ఒక్కసారికే పక్కన పడేస్తాను. నీది కదా, చెయ్యి రాలేదు. నువ్వు చూస్తే బాధపడతావని దాచేవాణ్ణి. మా ఆవిడా, అక్కా కూడా నీకు చెప్పలేక ఇదైపోయేవాళ్ళు."

పెద్దల్లుడు నోరు మూసుకుంటే సరిపోయేది. అతుకు అతని పేరు మీద తయారయ్యేది. మొదటిది అత్తగారి చెవికెక్కేది, ఎక్కి మనవరాలు వంగగానే కూసేది. పెద్దల్లుడు నేలచూపులు చూస్తూ, రెండు డొప్పలూ విప్పమన్నాడు.

చిన్నల్లుడు విప్పాడు. పెద్దల్లుడి పేరున్నదాంట్లో గమ్ము, గమ్ము పేరున్నదాంట్లో రింగు. ఓకే సార్ నోట ఓకే రాలేదు. చిన్నల్లుడు రెండు స్టిక్కర్లూ మళ్ళీ చదివాడు. తర్వాత రింగును భూతద్దం కింద పెట్టి, మామూలు గొంతుతోనే చెప్పాడు.

"చీలిక దగ్గర నొక్కుడు లేక గొట్టం ఉబ్బింది. శబ్దం ఇక్కణ్ణుంచి కారుతోంది. ఊడకుండా పట్టుకోవడం వేరు, కారకుండా మూయడం వేరు." భూతద్దం పక్కన పెట్టాడు. "అడిగుంటే చెప్పేవాణ్ణి."

ఓకే సార్ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. పెద్దల్లుడు చీలిక లేని రింగు గీశాడు. దాన్ని ముందే గొట్టానికి ఎక్కించి, గొట్టాన్ని స్పీకరు మూతికి తొడిగి, ఆపైన రింగును ముందుకు జరపాలి. చుట్టూ ఒకేలా నొక్కుతుంది. పీసును తనే పరీక్షల గదికి తీసుకెళ్ళాడు. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు గానీ, లోపలికి వెళ్ళాక పీసును మాత్రం ముందుకు చాచాడు.

చిన్నల్లుడు పీసు అందుకున్నాడు. పరీక్షకు పెట్టేముందు చిన్న స్క్రూడ్రైవరు తీసి, డొప్ప విప్పి, లోపల ఏముందో చూసి, మళ్ళీ మూశాడు. మిగతావాళ్ళ పీసులు వేటినీ అలా విప్పలేదు. ఆ తర్వాత ఒకే ఒక్కసారి పెట్టాడు. శబ్దం ఎంత పెంచినా ఈల రాలేదు.

"పాసైంది సార్," అన్నాడు.

ఓకే సార్ వచ్చాడేమోనని పెద్దల్లుడు వెనక్కి తిరిగి చూశాడు. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.