నోరులేని పేషెంటు

చక్రాలకు నూనె వేసి, బండిని గోడ దాకా ఒకసారి తోసి, మళ్ళీ వెనక్కి లాగి చూశాడు బండి బాబాయి. కుడివైపు ముందు చక్రం ఇంకా కీచుమంటోంది. ఒంగి, దానికి చుట్టుకున్న తలవెంట్రుకల్నీ దారప్పోగుల్నీ గోటితో పీకి, ఇంకో రెండు చుక్కలు వేశాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఆసుపత్రిలో పొద్దున్నే అతను చేసే మొదటి పని ఇది. పేషెంట్లను పడుకోబెట్టి తోసే ఈ బండి వల్లే అతనికా పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

మనిషి బక్కపలచన. ఖాకీ చొక్కా కొక్కేనికి తగిలించినట్టు భుజాల మీంచి వేలాడుతుంది. తల వెనక, ఎడమ మోచేతి మీద, రెండు మడమల మీద పాత మచ్చలున్నాయి. ఆ మచ్చలంటే అతనికి చెప్పలేనంత గర్వం. ఎవరైనా అడగడమే ఆలస్యం, చొక్కా చెయ్యి మడిచి మరీ చూపిస్తాడు.

ఈరోజు మాత్రం ఎవరడిగినా చూపించేలా లేడు. ఈరోజు అగ్నిప్రమాదం డ్రిల్లు. ఏడాదికోసారి వస్తుంది. మంటలంటుకుంటే కదల్లేని పేషెంట్లను మూడో అంతస్తు నుంచి ఎలా దించాలో సిస్టర్లు చేసి చూపించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ డ్రిల్లులో పేషెంటు బాబాయే. ఈ ఏడు కాదు. ఈ ఏడు ఒక బొమ్మని కొన్నారు.

మొదటి ఏడాది పేషెంటుగా పడుకోమంటే ఒక్కరూ ముందుకు రాలేదు. శుభమా అని డ్యూటీకొచ్చి రోగిలా పడుకోవడమేంటని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నేను పడుకుంటా సిస్టర్, నాదేం పోయింది?" అన్నాడు బాబాయి. పరుపు కింద ఉంచే పట్టీల షీటులో అతన్ని బిగించి, కాళ్ళు ముందుగా మెట్ల మీంచి దించారు. రెండో మలుపు దగ్గర తలవైపు పట్టుకున్నామె చెయ్యి జారింది. మెట్టు అంచుకి తల తగిలి నిమ్మకాయంత బొప్పి కట్టింది. "అమ్మో, నా తల!" అని అతను అరిచిన అరుపు కింద క్యాంటీన్ దాకా వినపడిందట. అప్పట్నుంచి మలుపులో తల కింద చెయ్యి పెట్టాలని నియమం వచ్చింది. మరుసటేడు మోచెయ్యి గోడకి గీసుకుపోయింది. చేతులు పట్టీల లోపల ఉండాలన్నారు. ఆ పై ఏడు మడమలు కొట్టుకున్నాయి. పాదాల కింద దిండు పెట్టాలన్నారు. అవన్నీ రాసి మెట్ల దగ్గర గోడకి అట్ట తగిలించారు. అట్ట చదివేవాళ్ళెవరు? బాబాయి కేకలే అందరికీ గుర్తుండేవి.

ఏడాదంతా అతను మనుషుల్ని తోస్తాడు. ఆ ఒక్క పూట నలుగురు చేరి అతన్ని మోసేవాళ్ళు. "నొప్పేసిందా బాబాయ్?" అని పెద్ద సిస్టరు అంతటామె ఒంగి అడిగేది. ఇంటికెళ్తే భార్య చొక్కా విప్పించి, వీపు మీది గీతలు చూసి తిట్టిపోస్తూ మందు రాసేది. "బతికుండగానే నలుగురి చేత మోయించుకునే మగాణ్ణి నిన్నే చూశాను" అనేది. ఆ తిట్లు అతనికి ఏడాది పొడుగునా సరిపోయేవి.

ఈరోజు పొద్దున కూడా క్యారేజీ చేతికిస్తూ ఆవిడే మొదలుపెట్టింది. "బొమ్మ మీద కుళ్ళుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? హాయిగా కూర్చుని చూడు. ఈ ఏడన్నా నాకు నీ వీపు రాసే చాకిరీ తప్పింది."

అది తప్పిందనే కదా అతని బాధ. చెప్తే నవ్వుతుందని చెప్పలేదు.

బొమ్మ పోయిన వారం వచ్చింది. మనిషంత పొడుగు, యాభై కిలోల బరువు, నీలం బట్టలు, కళ్ళూ ముక్కూ లేని గుండ్రటి మొహం. కవరు విప్పగానే సిస్టర్లందరూ మూగారు. "ఎంత బుద్ధిగా పడుకున్నాడో చూడవే, కొత్తల్లుడిలా!" అంది ఒకామె. అంతే, పేరు స్థిరపడిపోయింది. అల్లుడి తల కింద దిండు పెట్టారు. అల్లుడితో ఫోటోలు దిగారు. ఇరవై రెండేళ్ళలో బాబాయితో ఫోటో దిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి అంతకుముందు అతనికెప్పుడూ తట్టలేదు. తట్టాక మాత్రం వారం రోజులుగా వదలడం లేదు.

"నీ వయసేంటి, నీ బీపీ ఏంటి బాబాయ్?" అంది పెద్ద సిస్టరు. "ప్రాణమున్న మనిషిని మెట్ల మీద లాక్కుంటూ పోవడం ఇంక వద్దన్నారు. నీ మంచికే."

"మంచికే సిస్టర్" అన్నాడు. రిటైరవడానికి రెండు నెలలుంది. ఈ ఒక్కసారికీ ఊరుకుంటే వీళ్ళ సొమ్మేం పోయేదో అతనికి అర్థం కాలేదు.

తొమ్మిదిన్నరకి ఆ బొమ్మని స్టోరు గదిలోంచి పైకి తెమ్మని అతనికే చెప్పారు. పుండు మీద కారమంటే ఇదే. బండి మీదికి దాన్ని ఒక్క తోపు తోశాడు. గడప వస్తే పేషెంటుకి కుదుపు తగలకుండా ముందు చక్రాలు ఎత్తి దాటించడం అతని చేతులకి అలవాటు. ఇవాళ ఎత్తలేదు. ధడేల్‌మని దాటించాడు. రెండో గడప దగ్గరా అంతే. అల్లుడు కిక్కురుమనలేదు. ఆ నోరు మెదపకపోవడమే అతనికి మరీ ఒళ్ళు మండించింది.

"అల్లుడుగారిని సాగనంపుతున్నావా?" అన్నాడు లిఫ్టు నడిపేవాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు.

"మూసుకుని మీట నొక్కు" అన్నాడు బాబాయి.

పది గంటలకి గంట మోగింది. ఫైర్ ఆఫీసరు మూడో అంతస్తులో టీ కాచే గది తలుపుకి 'మంట' అని రాసిన కాగితం అంటించి, చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. సిస్టర్లు బాగా చేశారు. ఆ మాట ఒప్పుకోవాలి. తలుపుని ముందు చేతి వెనకవైపుతో తాకి వేడి చూశారు, తలుపులన్నీ మూశారు, ఆక్సిజన్ వాల్వు కట్టేశారు, నడవగలిగేవాళ్ళలా నటించే ఆయాలని అటువైపు వార్డులోకి పంపారు. తర్వాత అల్లుడి వంతు. పట్టీలు బిగించి, షీటుతో సహా మంచం మీంచి దించి, మెట్ల వైపు లాగారు. లిఫ్టు ఆపేశారు కాబట్టి మెట్లే దారి.

బాబాయిని కింద కుర్చీలో కూర్చోమన్నారు. అతను కూర్చోకుండా రెండో మలుపు దగ్గర కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. దేవుడా, వీళ్ళ వల్ల కాకూడదు అని మనసులో మొక్కుకున్నాడు. మొక్కుకున్నందుకు సిగ్గేసింది. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆపేవాడు లేడు, మూలిగేవాడు లేడు, "కాస్త మెల్లిగానమ్మా" అనేవాడు లేడు. తలవైపు పట్టుకున్నది చిన్న సిస్టరు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. మలుపు దగ్గర ఆమె అరచెయ్యి పట్టీ మీంచి జారింది. బొమ్మ తల మెట్టు అంచుకి కొట్టుకుంది. ఎడమ చెయ్యి పట్టీలోంచి బయటికొచ్చి మోచెయ్యి గోడకి రాసుకుంది. పాదాల కింద దిండు లేదు, మడమలు మెట్టు మెట్టుకీ టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆఖరి మెట్టు మీద నడుము దభీమంది. ఎవరూ ఆగలేదు. ఎందుకాగుతారు?

"మూడు నిమిషాల నలభై సెకన్లు!" అన్నాడు కిందికి దిగొచ్చిన ఆఫీసరు. "పోయినేడు ఎంత?"

"ఆరు నిమిషాలు దాటింది సార్. అప్పుడు బాబాయి పేషెంటు" అంది పెద్ద సిస్టరు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బాబాయికి చెంపల మీద పడ్డట్టున్నాయి. ఇరవై రెండేళ్ళూ వీళ్ళకి తను అడ్డమన్నమాట.

"తల తగిలింది" అన్నాడు మెట్లు దిగుతూ.

"ఎవరి తల?" అంది ఒకామె. అందరూ ఘొల్లుమన్నారు.

"రెండో మలుపులో మెట్టుకి తగిలింది. నేను చూశాను. చెయ్యి కూడా పట్టీలోంచి బయటికొచ్చింది."

ఆఫీసరు నవ్వుతూ అతని భుజం తట్టాడు. "బొమ్మకి తగిలితే ఏమవుతుంది పెద్దాయనా?"

"బొమ్మకేమీ అవదు సార్" అన్నాడు బాబాయి.

అర్థం చేసుకునేంత తీరిక ఎవరికీ లేదు. చిన్న సిస్టరు ఒక్కతే తల దించుకుని తన అరచెయ్యి చూసుకుంటోంది. లిఫ్టువాడు మాత్రం అందరికీ వినపడేలా అన్నాడు: "ఊరుకో బాబాయ్. ఈ ఆసుపత్రిలో ఉన్న మంటలార్పే ఎర్ర సిలిండర్లన్నీ కలిపినా నీ కడుపుమంట ఆరదు."

మళ్ళీ నవ్వులు. అందరూ టీలకి వెళ్ళిపోయారు. బాబాయి మెట్ల మీద కూర్చున్నాడు. ఛాతీలో పట్టేసినట్టుంటే జేబులోంచి మాత్ర తీసి మింగాడు. వాడన్న మాటలో అబద్ధమేముంది? కుళ్ళే. వారం రోజులుగా కుళ్ళి చస్తున్నాడు. కానీ తల కూడా నిజంగానే తగిలింది. కుళ్ళుబోతు చెప్పాడని నిజం అబద్ధమైపోతుందా? అవుతుంది కాబోలు. ఇక్కడ అయిపోయింది కదా.

మధ్యాహ్నం ఏడో నంబరు మంచం ముసలామెని ఎక్స్‌రేకి తీసుకెళ్ళాడు. తుంటి ఎముక విరిగి మూడు వారాలుగా పడుకునే ఉంది. దారిలో ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"పొద్దున గంట కొట్టారేంటి నాయనా?"

"ఊరికేనమ్మా. మంటలొస్తే ఎలా దించాలో నేర్చుకుంటున్నారు."

"నిజంగా వస్తే నన్నెవరు దించుతారు?"

"ఈ పిల్లలే దించుతారు."

"పడేయరు కదా?"

బాబాయి బండి వేగం తగ్గించాడు. ఆమె తల వంక చూశాడు. తెల్లటి జుట్టు పలచబడి లోపల చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. గడప రాగానే చక్రాలు ఎత్తి మెల్లగా దాటించాడు. "పడెయ్యరమ్మా" అన్నాడు. "నేను చెప్తాగా."

ఆమెని మంచం మీదికి చేర్చి తిన్నగా కట్లు కట్టే గదికి వెళ్ళాడు. "ఒక ప్లాస్టరు చుట్ట ఇవ్వు సిస్టర్."

"ఎవరికి బాబాయ్?"

"అల్లుడికి."

ఆవిడ కిసుక్కున నవ్వి ఇచ్చింది.

కింద మెట్ల పక్కన బోర్లా పడేసి ఉన్న బొమ్మని ఒక్కడే బండి మీదికి ఎత్తాడు. యాభై కిలోలు మరి, ఆయాసం వచ్చింది. స్టోరు గది గడప దగ్గర ముందు చక్రాలు ఎత్తాడు. బండిని బల్ల పక్కన ఆపి, కుర్చీ లాక్కుని, చుట్ట విప్పి, పంటితో తుంచాడు. మొదటి ముక్క తల వెనక అంటించాడు. రెండోది ఎడమ మోచేతి మీద. తర్వాత మడమలకి ఒక్కొక్కటి. అంటించిన ప్రతిచోటా బొటనవేలితో గట్టిగా అదిమాడు.

"నీకు నోరు లేదు కదరా" అన్నాడు దాంతో. "అదొక్కటీ ఉంటే నా ఉద్యోగం నీకే రాసిచ్చేవాణ్ణి."

నడుముకి కావలసిన ఐదో ముక్క తుంచాడు. బొమ్మని పక్కకి తిప్పాలి. దానికి ముందు కాస్త ఊపిరి తీసుకుందామని, ముక్కని కుర్చీ చేతికి అంటించి, వెనక్కి ఆనుకున్నాడు. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది.

నాలుగు గంటలకి రెండో అంతస్తు వాళ్ళు బండి కోసం కబురు చేశారు. రాలేదు. మళ్ళీ చేశారు. బాబాయిని రెండుసార్లు పిలవాల్సి రావడం అదే మొదటిసారి. వెతుక్కుంటూ వెళ్ళిన చిన్న సిస్టరు గుమ్మంలో నిలబడి "బాబాయ్" అంది. దగ్గరికి వెళ్ళి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది.

పెద్ద సిస్టరు పరుగున వచ్చింది, లిఫ్టువాడు వచ్చాడు, ఇంకొకామె వచ్చింది. డాక్టరొచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. బొమ్మని బల్ల మీదికి మార్చి, నలుగురూ కలిసి అతన్ని ఎత్తి అతని బండి మీదే పడుకోబెట్టారు. ఎవరూ చెప్పకుండానే చిన్న సిస్టరు అతని తల కింద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కింద పాత మచ్చ తగిలింది. అప్పుడామె బల్ల మీద ఉన్న బొమ్మ తల వంక చూసింది.

"సిస్టర్" అంది ఏడుస్తూ. "బాబాయి చెప్పింది నిజమే. పొద్దున నా చెయ్యి జారింది."

పెద్ద సిస్టరు ప్లాస్టర్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రేపు మళ్ళీ చేద్దాం. ఈసారి గడియారం వద్దు" అంది. లిఫ్టువాడు బండి ముందుకొచ్చాడు. గడప దగ్గర ఒంగి, బండి ముందు చక్రాలు తనే ఎత్తాడు.

సాయంత్రం భార్య వచ్చింది. ముందు ఏడవలేదు. డ్రిల్లు రోజు కదా, అలవాటుగా అతన్ని ఒక పక్కకి తిప్పి చొక్కా పైకెత్తి వీపు చూసింది. ఒక్క గీత లేదు. అప్పుడు ఏడ్చింది.

స్టోరు గదిలో ఫ్యాను కట్టెయ్యడం అందరూ మర్చిపోయారు. ఖాళీ కుర్చీ చేతికి ఒక కొసన అంటుకుని, ఐదో ప్లాస్టరు ముక్క ఆ గాలికి అల్లల్లాడుతోంది.