షమ్షున్నీసా నేర్పిన మామిడి తొక్కు

దగ్గరికి జరిగి కూర్చో, ఈ తొక్కు పచ్చడి నేర్పే ముందు ఒక సంగతి చెబుతాను. మా మనవరాలు ఉజ్వల తన వంటల వెబ్‌సైటుకు చదివేవాళ్లు తగ్గారని పాత రాతలను దిద్ది మళ్లీ పెడుతోంది. మామిడి తొక్కు రాతలో ఫొటో మార్చింది, సోలెడు కారాన్ని గ్రాముల్లోకి మార్చింది. తొక్కు నేర్పిన పక్కింటి షమ్షున్నీసా పేరు తీసేయబోయింది. గోడకు అటూ ఇటూ నిలబడి ఇద్దరం ముక్కలు కోసిన ఎండాకాలాలు గుర్తొచ్చాయి నాకు. ఆ పేరెందుకు తీస్తున్నావని అడిగాను.

"ఆమె పోయి ఆరేండ్లాయె అమ్మమ్మా. గిప్పుడు ఎవరికెరుక?"

"బొంత కుట్టేటప్పుడు చినిగింది కోసేస్తం గని, అంచు ఉంచుతం బిడ్డా. ఎవరి చీరనో అంచు జూస్తెనే ఎరుకైతది."

ఉజ్వల ఆ పేరును మొదటి వరుసలోకి తెచ్చింది. సాయంత్రానికి షమ్షున్నీసా కూతురు మునీరా దుబ్బాక నుంచి దాని కింద రాసింది: "మా అమ్మి ఎల్లిపాయ ఇంకింత ఎక్కువేసేది."

నువ్వు ఈ తొక్కు ఎవరికి నేర్పినా, ఆమె పేరుతోనే చెప్పు.