ఒకే గంటకు రెండు చోట్ల

బళ్ళో అందరూ ఆమెను కంప్యూటరమ్మ అనేవాళ్ళు. పొద్దున్నే కూతుర్ని రెండో తరగతిలో దిగబెట్టి, మెట్లెక్కి, రెండో అంతస్తులో ఆఫీసు గది తాళం తీసి, నిన్నటి టీ కప్పు కడుక్కుని కూర్చునేది. మూడు వారాలుగా ఆమెకు ఒకటే పని. బడికి ఊరికే వచ్చి సాయం చేసిపోయే వాలంటీర్లు ఎవరు, ఏ పనికి, ఏ గంటకు వస్తున్నారో చూపించే డేటాబేస్ తయారుచెయ్యడం.

అంతకుముందు ఆ వివరమంతా అట్ట ఊడిన నోటుపుస్తకంలో ఉండేది. అందులో ఒకే మనిషి మూడు పేర్లతో కనపడేవాడు. ఆమె ఓపిగ్గా కూర్చుని మనుషులకో టేబులు, పనులకో టేబులు కట్టింది. ఎవరు ఏ పనికి ఏ గంటకు అన్నది మూడోదాంట్లో పెట్టి, ఆ రెంటినీ దాంతో ముడేసింది. బడి ఉద్యోగుల జాబితా వేరే ఉంది. దాన్ని ఇందులో కలపలేదు, దాంతో ఏం పనిలే అనుకుంది.

అంతా కుదిరింది గానీ పిన్ని దగ్గర చిక్కొచ్చిపడింది. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, బడికంతటికీ పిన్ని. మూడున్నరకి లైబ్రరీలో కూర్చుని, ఇంటికి ఆలస్యంగా వెళ్ళే పిల్లలకి కథలు చదివేది. అదే మూడున్నరకి గేటు బయట మలుపులో ఎర్ర బోర్డు పట్టుకుని, లారీలను ఆపి పిల్లల్ని రోడ్డు దాటించేది. రెండు చోట్లా ఆవిడే. ఆవిడకి వీలవుతోంది, చేస్తోంది, అందులో అడగడానికేముంది?

"నీకేం పిన్నీ, అదృష్టవంతురాలివి," అంది ఒకసారి కంప్యూటరమ్మ.

"ఏం అదృష్టమే తల్లీ. ఇంటికెళ్ళేసరికి నాలుగు కాళ్ళు నొప్పెడతాయి. పిసుక్కోడానికి మాత్రం నేనొక్కదాన్నే."

ఆ మలుపంటే కంప్యూటరమ్మకి గుండె దడ. పోయినేడాది పిన్ని జ్వరంతో రాని ఒక్కరోజే అక్కడ ఒక పాప కాలు విరిగింది. ఆమె కూతురు, ఇంట్లో అందరూ బుడ్డిది అంటారు, బడి వదలగానే ఆ రోడ్డు దాటే మేనత్త ఇంటికి వెళ్ళాలి. అదేమో ఎటూ చూడకుండా పరిగెత్తే రకం.

ఆ మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చి స్క్రీను ముందు వంగాడు.

"ఒకే మనిషి ఒకే గంటకు రెండు చోట్లా?"

"నిజంగానే ఉంటుందండీ ఆవిడ."

"ఉండొచ్చమ్మా, నేను కాదనడంలేదు. రూలు ఒప్పుకోదు."

తన పాస్‌వర్డుతో రూలు ఆయనే పెట్టించాడు. ఒక వాలంటీరుకి ఒక గంటలో ఒకే చోటు. రెంటిలో ఏది ఉంచాలని కంప్యూటరు అడిగింది.

"లైబ్రరీ ఉంచు. నేను చూడబోయేది అదేగా," అని ఆయన గది బయటికి నడిచాడు.

ఆయనతో వచ్చి వెనకే నిలబడ్డ బడి పెద్దమేడం గొంతు తగ్గించింది. "చెప్పినట్టు చెయ్యమ్మా. మలుపు దగ్గరికి రేపు ఇంకెవర్నైనా చూద్దాం."

ఈరోజు సంగతేంటని అడిగేలోపు ఆవిడా ఆయన వెనకే వెళ్ళింది. ఆమె మీట నొక్కడం, బడి గంట మోగడం ఒకేసారి అయ్యాయి.

కిటికీలోంచి చూసింది. మలుపులో ఎర్ర బోర్డు గోడకి చేరగిలబడి ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన మనిషి లేదు. రెండు అంతస్తులు దిగి, అంత పొడుగు మైదానం దాటాలి. ఈలోపు బుడ్డిది రోడ్డు మీద ఉంటుంది.

కంప్యూటర్లో మళ్ళీ పిన్నిని మలుపు పనికి పెట్టింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. తోటపని తాతగారిని పెట్టింది. ఆయన ఆ గంటకు తోటలో ఉన్నాడంది. బొమ్మలు నేర్పే అక్కయ్యనీ వద్దంది. కింద నీలం సంచీ ఒకటి గేటు దాటింది. అది బుడ్డిదే. అవతలి నుంచి లారీ హారను వినిపిస్తోంది.

ఆమె వేళ్ళు మనుషుల టేబుల్లో కొత్త వరస తెరిచి తన పేరు కొట్టాయి. పని, మలుపు. గంట, మూడున్నర. ఉద్యోగుల జాబితా వేరే కదా, ఆమె ఆఫీసులో కూర్చునుందని ఆ రూలుకి తెలీదు. కంప్యూటరు కిక్కురుమనలేదు.

నెత్తిమీద ఎండ చుర్రుమంది. అరచేతిలో బోర్డు కర్ర బరువుగా తగిలింది. కుర్చీలోంచి లేవకుండానే ఆమె మలుపులో రోడ్డు మధ్యకి వచ్చి బోర్డు ఎత్తింది. లారీ కీచుమని రెండు బారల దూరంలో ఆగింది.

బుడ్డిది వచ్చి, జిగటజిగటగా ఉన్న చెయ్యి ఆమె చేతిలో పెట్టింది. "అమ్మా, పిన్నేది?"

"లోపల కథ చదువుతోంది. పద."

పైన ఆఫీసు గది తలుపులోంచి అధికారి మళ్ళీ తొంగిచూశాడు. "అయిపోయిందా అమ్మా?"

"అయిపోయిందండీ," అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి జిగటగా ఉంది.

సాయంత్రం మెట్ల దగ్గర పిన్ని చెప్పులు వేసుకుంటూ కంప్యూటరమ్మ నడక చూసింది.

"రేపు కూడానా?"

"రోజూ, పిన్నీ."

పిన్ని ఆమె భుజం మీద చెయ్యేసింది. "అయితే ఇంటికెళ్ళగానే వేణ్ణీళ్ళు పెట్టుకో. రెండు బకెట్లు. ఒకటి చాలదు."